ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఎప్పుడూ స్టాండ్ మీదనే ఉంచాల్నా, అయిపోయినంకనే చార్జ్ పెట్టాల్నా?

మీరు అడిగినదాంట్లో నిజానికి రెండు ప్రశ్నలున్నయి, రెండూ కలిసిపోయినయి కాబట్టే ఇంట్లో తలా ఒక మాట చెప్తున్నరు. బ్రష్ ఎప్పుడూ చార్జింగ్ స్టాండ్ మీదనే ఉంచితే బ్యాటరీ పాడైతదా అన్నది ఒకటి. ఏడాదిన్నర కింద కొన్నప్పుడు ఒక్క చార్జ్‌కు రెండు వారాలు వచ్చిన బ్రష్ ఇప్పుడు నాలుగో రోజుకే ఎర్ర లైట్ ఎందుకు కొడుతుంది అన్నది ఇంకోటి. మీ ఫ్రెండ్ ఏమో ప్రతిసారి పూర్తిగా జీరోకి తెచ్చినంకనే పెట్టాలె అన్నడు, మీ అత్తగారేమో కరెంట్ దండగ అని రాత్రి పడుకునే ముందు బాత్రూం స్విచ్‌లన్నీ ఆపేస్తున్నరు. నేను కోఠి దిక్కు ట్రిమ్మర్లు, షేవర్లు, బ్రష్‌లు, ఇట్లాంటి చిన్న చార్జింగ్ సామాన్లు బాగుచేసే పనిలో చానా ఏండ్ల నుంచి ఉన్న, కాబట్టి బెంచ్ మీద చూసేది ఏంటో అదే చెప్తా, కొంచెం పొడుగైతది.

మొదలు అందరూ భయపడే ముచ్చట తీసి పక్కకు పెడదాం. ఎక్కువసార్లు చార్జ్ పెడితే బ్యాటరీ అరిగిపోతదన్న లెక్క ఫోన్‌కు పనికొస్తది గానీ బ్రష్‌కు దాదాపు పనికిరాదు. పొద్దున రెండు నిమిషాలు, రాత్రి రెండు నిమిషాలు, రోజుకు నాలుగు నిమిషాలు. రెండు వారాలు వస్తుందంటే ఫుల్ చార్జ్ మీద 56 నిమిషాలు నడుస్తుందన్నట్టు. ఏడాదికి 1,460 నిమిషాలు తోముతం, అంటే ఏడాది మొత్తానికి 26 ఫుల్ చార్జ్‌లు, గంతే. లిథియం సెల్ 300 నుంచి 500 సైకిల్స్ (పూర్తిగా ఒకసారి వాడి నింపితే ఒక సైకిల్) తట్టుకుంటదని తక్కువలో తక్కువ అనుకున్నా పదకొండేండ్లు రావాలె. రోజూ కొంచెం కొంచెం పెట్టినా తేడా ఏం లేదు, పద్నాలుగో వంతు వాడి మళ్ల పద్నాలుగో వంతు నింపితే అట్ల పద్నాలుగు సార్లు చేస్తేనే ఒక సైకిల్ అయితది. మరి నా దగ్గరికి వచ్చే బ్రష్‌లు రెండేండ్లకు మూడేండ్లకే ఎందుకు మూలకు పడుతున్నయి అంటే, వేడితోని, లోపలికి పోయిన నీళ్లతోని, ఇంకా డ్రాయర్‌లో ఖాళీ బ్యాటరీతో నెలల తరబడి పడుండి. చార్జింగ్ సార్లు లెక్కపెట్టుకునే బదులు ఈ మూడు చూసుకుంటే చాలు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ మాట. అది అబద్ధం కాదు, పాతది. 1954లో స్విట్జర్లాండ్‌లో బ్రాక్సోడెంట్ అని ఒక ఎలక్ట్రిక్ బ్రష్ వచ్చింది, అది నేరుగా ప్లగ్గులో పెట్టి వైరుతో తోముకునేది (తడి చేతులతో, బాత్రూంలో, తల్చుకుంటేనే భయమేస్తది). 1961లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు వైరు లేకుండా చార్జింగ్ బ్రష్ తెచ్చిన్రు. ఆ తర్వాత చానా ఏండ్లు ఇట్లాంటి సామాన్లలో నికెల్ కాడ్మియం సెల్‌లే నడిచినయి, ఆ సెల్‌కు మెమరీ ఎఫెక్ట్ అని ఒక రోగం ఉండేది, రోజూ సగం సగం వాడి నింపుతుంటే కొన్నాళ్లకు ఆ సగం దగ్గరే వోల్టేజ్ పడిపోయేది. అప్పటి సలహా ఇప్పటికీ నోటి మాటగా తిరుగుతనే ఉంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న బ్రష్‌లలో రెండు రకాల సెల్‌లు ఉంటున్నయి, నికెల్ మెటల్ హైడ్రైడ్ ఒకటి, లిథియం అయాన్ ఒకటి. ఓరల్-బి వైటాలిటీ లాంటి తక్కువ రేటువి, పాత ప్రో మోడళ్లలో చానా వరకు నికెల్, పైరేటు జీనియస్, ఐవో రకాలు లిథియం. ఫిలిప్స్ సోనీకేర్‌లో పాతవి నికెల్, ఈ మధ్యవి లిథియం. మీ బ్రష్ ఏదో అడుగున లేదా మాన్యువల్ చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఉంటది, ఎన్ఐ-ఎంహెచ్ (Ni-MH) అని ఉంటే నికెల్, ఎల్ఐ-అయాన్ (Li-Ion) అని ఉంటే లిథియం. వోల్టేజ్ రాసుంటే అది కూడా చెప్తది, 1.2 వోల్ట్ నికెల్, 3.6 లేదా 3.7 వోల్ట్ లిథియం. చార్జ్ అయ్యే టైమ్ చూసి మాత్రం కనిపెట్టొద్దు, ఎందుకంటే సోనీకేర్ లిథియంవి కూడా ఫుల్ కావడానికి 24 గంటలు అని మాన్యువల్‌లో రాస్తరు, ఐవోలో పైరేటు మోడళ్లు మాత్రం మూడు గంటల్లో అయిపోతయి.

నికెల్‌ది అయితే స్టాండ్ మీద ఉంచినా పెద్దగా పోయేదేం లేదు. చార్జింగ్ కరెంట్ అంత చిన్నగా ఉంటది కాబట్టి. మెమరీ రోగం దీంట్లో చానా తక్కువ, అయినా అస్సలు లేదని కాదు, అందుకే ఓరల్-బి మాన్యువల్‌లోనే కనీసం ఆరు నెలలకు ఒకసారి చార్జర్ తీసేసి మామూలుగా వాడుతూ పూర్తిగా దిగనివ్వండి అని రాసి ఉంటది. దిగనివ్వడం అంటే రోజూ తోముకుంటూ అదే ఆగిపోయేదాకా వాడి తర్వాత ఫుల్ చార్జ్ పెట్టడం. కొందరు అది ఆగిపోయినంక కూడా బటన్ నొక్కుతనే ఉంటరు, ఇంకొంచెం గుర్రు గుర్రు అని తిరిగి ఆగుతది, మళ్ల నొక్కుతరు, దాంతో ఏం లాభం లేకపోగా సెల్‌కే దెబ్బ.

లిథియం అయితే కథ వేరే. దీనికి మెమరీ గిమరీ ఏం లేదు, జీరోకి తేవాల్సిన పనే లేదు, పైగా జీరో అంటే దీనికి గిట్టదు. దీనికి గిట్టని ఇంకోటి, నిండుగా ఉండి వేడిలో కూర్చోవడం. స్టాండ్ మీద పెట్టినా ఓవర్‌చార్జ్ కాదు, లోపల సర్క్యూట్ నిండగానే ఆపేస్తది, ఆ భయం వద్దు. కాకపోతే ఎప్పుడూ నూరు శాతం దగ్గరే ఉంటది. బ్యాటరీ పనివాళ్లు తరచూ చూపించే ఒక లెక్క ఉంది, లిథియం సెల్‌ని ఫుల్ చార్జ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాది ఊరికే ఉంచితే మిగిలే కెపాసిటీ 80 శాతం, అదే 40 శాతం చార్జ్‌తో ఉంచితే 96. 40 డిగ్రీల దగ్గర అయితే ఫుల్‌గా ఉన్నది 65కు దిగుతది, 40 శాతం చార్జ్ ఉన్నది 85 దగ్గర ఆగుతది. సెల్‌ని బట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటయి గానీ దిక్కు మాత్రం అదే. ఇప్పుడు మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతది, పై అంతస్తు ఫ్లాట్ అయితే పడమర గోడ పొద్దుగూకేదాకా ఎండలో కాలుతది, బాత్రూంలో వెంటిలేషన్ అంటే ఒక చిన్న అద్దాల కిటికీ, దానికి తోడు కొందరు బ్రష్ స్టాండ్‌ను తీస్కపోయి గీజర్ పక్కన ఉన్న అర మీదనో, ఎండ పడే కిటికీ గట్టు మీదనో పెడతరు. అక్కడ ఫుల్ చార్జ్‌తో రెండు వేసవులు కూర్చున్న సెల్ నీరసించిందంటే కంపెనీని తిట్టి లాభం లేదు.

కాబట్టి నా లెక్క ఇది, లిథియం బ్రష్‌ను వారం పది రోజులకు ఒకసారి ఒక రాత్రి స్టాండ్ మీద పెట్టి పొద్దున తీసేయండి, స్టాండ్ బెడ్‌రూంలోనో హాల్‌లోనో ఉండనివ్వండి, బ్రష్ మాత్రమే బాత్రూంలో ఉండాలె. ఇది మీకు గుర్తుండదు, ఇంట్లో ఎవరూ పట్టించుకోరు అనుకుంటే మాత్రం ఊకె స్టాండ్ మీదనే వదిలేయండి, నేనేం కోప్పడ. మర్చిపోయి మాటిమాటికీ పూర్తిగా చచ్చేదాకా వదిలేయడం కంటే ఎప్పుడూ నిండుగా ఉండడం చానా నయం. ఇరవై నుంచి ఎనభై శాతం మధ్యలోనే ఉంచాలె అని ఫోన్ల వీడియోలు చూసి బ్రష్‌కు అలారం పెట్టుకునేటోళ్లు కూడా ఉన్నరు, బ్రష్‌లో శాతం చూపించే స్క్రీనే చానావాటికి లేదు, అంత కష్టం అక్కర్లేదు.

ఇప్పుడు మీ అసలు సమస్య, నాలుగు రోజులకే ఎర్ర లైట్. ఇక్కడ బ్యాటరీ పోయిందని నేను ఇప్పుడే ఒప్పుకోను, ఎందుకంటే మీ అత్తగారి స్విచ్ సంగతి మీరు చివర్లో ఒక ముక్కలో చెప్పి వదిలేసిన్రు గానీ నాకు అదే ముఖ్యంగా కనిపిస్తుంది. ఈ స్టాండ్‌లు చార్జ్ చేసేది ఫోన్ లాగ పిన్ను పెట్టి కాదు, స్టాండ్‌లో ఒక కాయిల్, బ్రష్ అడుగున ఒక కాయిల్, మధ్యలో ప్లాస్టిక్, ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలో గాలిలోంచే కరెంట్ పోతది. నీళ్ల దగ్గర వాడే సామాను కాబట్టి బయటికి ఏ లోహం కనబడకుండా అట్ల చేస్తరు, అందుకని చానా నెమ్మది. 16 గంటలకు ఫుల్ అయ్యే బ్రష్ అనుకోండి, 16 గంటలకు 56 నిమిషాల వాడకం వస్తుందంటే గంట చార్జ్‌కు మూడున్నర నిమిషాలు. మీరు రోజుకు నాలుగు నిమిషాలు వాడుతరు. అంటే రోజుకు గంటకు పైన కరెంట్ ఉంటేనే కనీసం ఉన్నది ఉన్నట్టు నిలబడతది. చానా ఫ్లాట్లలో అద్దం పక్కనున్న ప్లగ్ పాయింట్‌కు స్విచ్ బాత్రూం బయట బోర్డు మీద లైట్, గీజర్ స్విచ్‌ల పక్కనే ఉంటది, ఎవరో స్నానానికి పోయినప్పుడు అన్నీ కలిపి వేస్తరు, బయటికి వచ్చి అన్నీ కలిపి ఆపేస్తరు. రోజుకు ఇద్దరు ముగ్గురి స్నానాలు కలిపినా ముప్పావు గంట. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, వచ్చేది రెండున్నర నిమిషాలు, పోయేది నాలుగు. బ్రష్ రోజంతా స్టాండ్ మీదనే కనిపిస్తది కాబట్టి చార్జ్ అవుతనే ఉందని మీరు అనుకుంటరు, కొన్నాళ్లకు బ్యాటరీ పోయిందని నా దగ్గరికి వస్తరు. అట్ల వచ్చినవాటిలో సెల్ శుభ్రంగా బాగున్నవి చానా ఉంటయి, ఒక రోజంతా పెట్టి ఇచ్చేస్తే మళ్ల ఎప్పటిలాగే నడుస్తయి.

కరెంట్ దండగ ముచ్చట కూడా తేల్చేద్దాం, అత్తగారికి చూపించండి. స్టాండ్ ఊరికే ప్లగ్గులో ఉంటే తీసుకునేది ఒక వాట్ అనుకోండి, నెలంతా ఆపకుండా ఉంచినా 0.72 యూనిట్, అంటే నెలకు ఒక్క యూనిట్ కూడా కాదు. గీజర్ ఒక్కసారి అరగంట ఎక్కువ ఆపకుండా మర్చిపోతే అంతకంటే ఎక్కువ కాలుతది. (పెద్దవాళ్లతో వాదన పెట్టుకోమని కాదు, స్టాండ్‌ను వాళ్ల చేయి పోని ప్లగ్గుకు మార్చేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటది.)

కాబట్టి సెల్ మార్చే ముచ్చట కంటే ముందు ఈ పరీక్ష చేయండి. స్టాండ్‌ను బాత్రూంలోంచి తీసి బెడ్‌రూంలో ఎవరూ ఆపని ప్లగ్గులో పెట్టి బ్రష్‌ను 24 గంటలు కదిలించకుండా ఉంచండి. తర్వాత స్టాండ్ దాచేసి, రెండు నిమిషాల టైమర్‌తో రోజూ మామూలుగా తోముకుంటూ ఎన్నిసార్లు వస్తుందో క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి. రెండు వారాలకు 28 సార్లు రావాలె. ఇరవై దాటితే సెల్‌కు ఏం కాలేదు, మీ ఇంటి స్విచ్‌దే తప్పు. పన్నెండు పదిహేను దగ్గర ఆగితే సగం వరకు నీరసించింది, ఇంకొన్నాళ్లు లాక్కరావొచ్చు. మళ్ల ఎనిమిది సార్లకే ఎర్ర లైట్ వస్తే అప్పుడు సెల్ పని అయిపోయినట్టు. ఈ పరీక్ష చేసే రోజుల్లో బ్రష్‌ను పళ్లకు అదిమి రుద్దకండి, గట్టిగా నొక్కితే మోటార్ కష్టపడి ఎక్కువ కరెంట్ లాగుతది. మామూలు బ్రష్‌తో తోమిన అలవాటున్నోళ్లు ఇదే చేస్తరు, దాంతో బ్యాటరీ తొందరగా దిగుతది, చిగుళ్లకు కూడా మంచిది కాదు. హెడ్ తీసి లోపల ఉన్న లోహపు కడ్డీ చుట్టూ కూడా చూడండి. మన దగ్గర బోర్ నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో పేస్ట్ మురికి, తెల్లటి ఉప్పు కలిసి అక్కడ గట్టిగా పేరుకుంటది, కడ్డీ కదలడానికి అది అడ్డం పడతది. గోరువెచ్చని నీళ్లతో, పాత బ్రష్‌తో రుద్ది తుడిచి ఆరబెట్టాలె. ఆ పేరుకున్న ఉప్పే కొన్నాళ్లకు కడ్డీ చుట్టూ ఉన్న రబ్బర్ సీల్‌ను కోసేస్తది, అక్కడి నుంచే నీళ్లు లోపలికి పోతయి. విప్పి చూస్తే లోపల బోర్డు మీద ఆకుపచ్చ తుప్పు, సెల్ మాత్రం బంగారంలాగ ఉన్న బ్రష్‌లు ఎన్నో. వాడినంక హెడ్ తీసి రెండూ కడిగి, తుడిచి, హ్యాండిల్‌ను తడిగా స్టాండ్ మీద పెట్టకుండా ఉంటే ఇది చానా వరకు తప్పుతది.

డ్రాయర్ చావు గురించి విడిగా చెప్పాలె, ఎందుకంటే ఇది మన హైదరాబాద్ ఇండ్లల్లో మస్తు కామన్. అమ్మానాన్న అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు పోతరు, పోయే ముందు రోజు బ్రష్‌లో ఎర్ర లైట్ కొడుతున్నా సరే కడిగి డ్రాయర్‌లో పెట్టి తాళం వేస్తరు. సెల్ వాడకపోయినా దానంతట అది దిగుతనే ఉంటది. నికెల్ మామూలు రకం అయితే నెలకు 20, 30 శాతం కూడా పోతది. లిథియం అంత దిగదు గానీ లోపలి సర్క్యూట్ కూడా కొంచెం కొంచెం తాగుతది, ముందే ఖాళీగా ఉన్న సెల్ ఆరు నెలల్లో వోల్టేజ్ మరీ కిందికి పడిపోతే లోపల రాగి కరగడం మొదలైతది, తర్వాత చార్జర్ పెట్టినా ఎక్కదు, ఎక్కినా నమ్మొద్దు. పోయే ముందు సగం పైన చార్జ్ ఉంచి, స్టాండ్ మీద కాకుండా చల్లటి గదిలో బీరువాలో పెట్టండి, ట్రావెల్ లాక్ (బటన్ ఒత్తుకున్నా ఆన్ కాకుండా ఆపేది) ఉన్న మోడల్ అయితే అది వేయండి. ఇంట్లో ఎవరైనా ఉంటే మూడు నెలలకు ఒకసారి చార్జ్ పెట్టమనండి, నికెల్‌ది అయితే ఇది ఇంకా ముఖ్యం.

అమెరికా ముచ్చట వచ్చింది కాబట్టి, అక్కడి నుంచి తెచ్చుకున్న బ్రష్‌లది ఇంకో గోస. స్టాండ్ అడుగున ఇన్‌పుట్ 100-240 అని ఉంటే చిన్న పిన్ కన్వర్టర్‌తో ఇక్కడ పెట్టుకోవచ్చు. 110 లేదా 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్ట్‌లలో పెట్టగానే కాలిపోతది, పిన్ కన్వర్టర్ వోల్టేజ్ మార్చదు, అది ప్లగ్ ఆకారం మాత్రమే మారుస్తది. హ్యాండిల్‌కు ఈ గొడవ లేదు, అదే రకం స్టాండ్ ఇక్కడిది కొనుక్కుంటే చాలు. ఫోన్ వైర్‌లెస్ చార్జింగ్ ప్యాడ్ మీద మాత్రం బ్రష్ పెట్టి చూడకండి, రెండూ కాయిల్‌లే అయినా భాష వేరే. యూఎస్‌బీతో వచ్చే చవక బ్రష్‌లలో ఒక విచిత్రం ఉంటది, టైప్-సి నుంచి టైప్-సి వైరు పెడితే చార్జ్ ఎక్కదు, లోపల రెండు చిన్న రెసిస్టర్‌లు పెట్టకుండా ఖర్చు మిగుల్చుకున్నందుకు. పాత రకం వెడల్పు యూఎస్‌బీ నుంచి టైప్-సి వైరు పెడితే ఎక్కుతది, పారేయకండి.

సెల్ మార్చాల్సి వస్తే మార్చొచ్చు, కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీలో అడిగితే సెల్‌లు దొరుకుతయి. మూడు విషయాల్లో మాత్రం రాజీ పడొద్దు. నికెల్ తీసి అదే సైజున్న 3.7 వోల్ట్ లిథియం వేస్తే పవర్ పెరుగుతది అని చెప్పేటోళ్లు ఉంటరు, అక్కడి నుంచి లేచి వచ్చేయండి, నికెల్ చార్జింగ్ సర్క్యూట్‌కు లిథియంను ఎక్కడ ఆపాలో తెలియదు, అది నిప్పుతో పని. సైజు కూడా కొలవాలె, చూడటానికి గోడ గడియారం సెల్ లాగనే ఉంటది గానీ 42 మిల్లీమీటర్లవి, 49 మిల్లీమీటర్లవి వేరే వేరే ఉంటయి. సెల్ రెండు చివర్లకూ ముందే రేకు అతికించినవి కొనాలె, సెల్ మీదనే నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టి కాలిస్తే కొత్త సెల్ కూడా అక్కడే సగం చస్తది. విప్పితే వారంటీ పోతది, సీల్ మళ్ల ఫ్యాక్టరీలాగ కూర్చోదు, కాబట్టి మీది వారంటీలో ఉంటే ముందు కంపెనీ సర్వీస్‌కు రాయండి. రెండేండ్ల వారంటీ ఉన్న మోడళ్లు చానా ఉన్నయి, మీది ఏడాదిన్నరే అన్నరు కాబట్టి బిల్లు వెతకండి. వారంటీ అయిపోయిన పదిహేను వందల బ్రష్‌కు ఈ తతంగం అంతా దండగ, ఎనిమిది పది వేలది అయితే చేయించుకోవచ్చు.

పాత సెల్‌ను చెత్త ఆటోలో వేయకండి, లిథియంది అయితే అస్సలు వద్దు, చెత్తలో నలిగితే అంటుకుంటది. 2022 బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసేటోళ్లదే, ఈ-వేస్ట్ తీసుకునేటోళ్లకు ఇవ్వండి. హ్యాండిల్ ఎక్కడైనా ఉబ్బినట్టో పగిలినట్టో కనిపిస్తే మాత్రం ఇంక చార్జ్ పెట్టొద్దు, పైన చెప్పిన పరీక్ష కూడా వద్దు.

అదేం లేకపోతే 24 గంటలు పెట్టి చూసి ఎన్నిసార్లు వచ్చిందో, అడుగున ఎన్ఐ-ఎంహెచ్ అని ఉందా ఎల్ఐ-అయాన్ అని ఉందా చెప్పండి, సెల్ మార్చాల్నా వద్దా అప్పుడు చెప్తా.